స్మోక్ అలారం కింద ఒక నుదురు

మనుషులు జ్ఞాపకం రావడానికి కథల్లో అయితే వాన పడుతుంది, లేకపోతే పాత పెట్టెలోంచి ఫోటో జారిపడుతుంది. ఈ దేశంలో వానని నమ్ముకుంటే రోజుకొకరు జ్ఞాపకం రావాలి. అంతమంది నాకు తెలియదు. నాకు వచ్చింది ఒక మెయిల్. మీ స్టోరేజ్ నిండిపోయింది, చాలాకాలంగా తెరవని ఫైళ్లు ఇవీ, తీసేసుకోండి అని. జాబితాలో మూడోది ‘ఆదివారం క్లాసు’.

తీసేద్దామనే తెరిచాను. ఆరు పేజీలు, ఒక్కో పేజీ పైన ఒక్కో పేరు. ఐదు పేజీల నిండా రాతలూ, పక్కన నా ఎర్ర దిద్దుబాట్లూ. ఆరో పేజీలో పైన పేరు ఉంది, కింద అంతా తెలుపు. ఆ తెలుపు చూస్తుంటే నాకు ఒక నుదురు జ్ఞాపకం వచ్చింది.

ఆ నుదురు ఒక ఆంటీది. పేరు చెప్పను. చెబితే ఆవిడ ఇది చదివి, పేరు సరిగ్గా రాశానో లేదో మూడుసార్లు చూసుకుని, ఎందుకొచ్చిన గొడవ, తుడిచెయ్యి బాబూ అంటారు.

మా పెద్దమ్మ కూతురు నార్తాంప్టన్‌లో నర్సు. తనతో పాటు కేర్ హోముల్లో పనిచేస్తున్న మనవాళ్లు కొందరు ఇంగ్లిష్ పరీక్ష దగ్గర ఆగిపోయారనీ, ఆదివారం ఒక గంట రాత నేర్పించమనీ నన్ను పట్టుకుంది. నేను క్రోయిడన్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. నన్ను ఎంచుకోవడానికి కారణం నా ఇంగ్లిష్ కాదు. నా మీటింగ్ అకౌంట్ డబ్బు కట్టింది, నలభై నిమిషాలకి తెగిపోదు. గురువు కావడానికి ఆ మాత్రం అర్హత చాలని అక్క అభిప్రాయం.

ఆంటీ గురించి అక్క ముందే చెప్పి ఉంచింది. గుంటూరు వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు నర్సు. ఇక్కడ కేర్ హోమ్‌లో కేరర్. పరీక్షలో నాలుగు భాగాలుంటే వినడం, చదవడం, మాట్లాడడం మూడుసార్లూ పాసయ్యారు. రాయడం మూడుసార్లూ పోయింది. ఆ ఒక్కటీ గట్టెక్కితే మళ్లీ నర్సు. లేకపోతే రిటైరయ్యేదాకా ఇంకెవరో నర్సు చెప్పినట్టు దుప్పట్లు మార్చడమే. నాలుగోసారి కూడా పోతే ఇక ఫీజు కట్టనని ప్రార్థనలో తీర్మానం చేసుకున్నారట.

“నరం దొరకని పేషెంటుకి సూది పెట్టాలంటే ఇప్పటికీ నాకు ఆవిడే గుర్తొస్తార్రా, ఆ మిషన్ ఆసుపత్రిలో నాకు నేర్పింది ఆవిడే,” అంది అక్క. “కాగితం ముందు కూర్చుంటే మాత్రం అదే చెయ్యి కదలదు. నువ్వు జోకులెయ్యకు.”

నేను వెయ్యనన్నాను. అది మొదటి జోకు.

*

ఆంటీ ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి పెట్టేవారు. డబ్బా పొట్టిది కావడంతో ఫోన్ వెనక్కి వాలేది. అందుకని మాకు ఆవిడ నుదురూ, నున్నగా పైకి దువ్విన జుట్టూ, దాని పైన సీలింగూ, సీలింగుకి తెల్లటి స్మోక్ అలారమూ కనపడేవి. కళ్లు ఎప్పుడైనా తొంగిచూసేవి. నోరు నేను ఏడాదిలో రెండుసార్లు చూసి ఉంటాను. ఫోన్ కొంచెం వంచండి ఆంటీ అంటే వంచేవారు. అప్పుడు సీలింగు మాత్రమే కనపడేది.

ఆ అలారంలో బ్యాటరీ అయిపోవచ్చింది. నిమిషానికోసారి పిట్టలాగా ‘కీక్’ మనేది. క్లాసులో వరంగల్ వైపు నుంచి వచ్చిన చెల్లె ఒకామె ఉండేది. మొదటి రోజే “ఆంటీ, చిలుకను సాదుకుంటున్నరా?” అని అడిగింది. బ్యాటరీ మార్పించుకోమని నేను చెప్పాను.

“ఇల్లు అద్దెకిచ్చిన ఏజెంటుకి మెయిల్ పెట్టాలంట బాబూ. ఫోన్ చేసి చెబితే తీసుకోరంట.”

“పెట్టండి మరి.”

“పెట్టాలి,” అన్నారు, పెళ్లి సంబంధం గురించి అన్నట్టు.

వారాలు గడిచాయి. అలారం అరుస్తూనే ఉంది. రెండు లైన్ల మెయిల్ రాయడం కన్నా నిమిషానికోసారి ఉలిక్కిపడి బతకడమే నయమనుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. కొన్నాళ్లకి నాకు ఆ కూత అలవాటైంది. ఆదివారం కాని రోజుల్లో కూడా, సాయంత్రం కెటిల్ పెట్టి నిలబడితే ఎక్కడో అది వినపడేది. నా ఫ్లాట్‌లో అలారం బాగానే ఉంది. నేనే కొంచెం తేడాగా ఉన్నానని సరిపెట్టుకున్నాను.

చలికాలం ఆదివారం నాలుగింటికి ఇక్కడ వెలుతురు సామాన్లు సర్దుకుంటూ ఉంటుంది. తెర మీద ఆరు కిటికీలు, ఆరు రకాల నీలం. ఒకరి వెనక పిల్లవాడు కార్టూన్ చూస్తుంటాడు, ఒకరి వెనక కుక్కర్ కూత. అందరం ఆన్‌లైన్‌లో ఒకే డాక్యుమెంట్ తెరుచుకుని కూర్చునేవాళ్లం, ఆంటీ అయితే ఫోన్ పక్కన ఒక పాత లాప్‌టాప్‌లో. ఎవరి పేజీలో వాళ్ల కర్సర్ రంగురంగుల్లో మినుక్కుమంటూ ఉండేది, పొలం గట్ల మీద మిణుగురుల్లాగా. ఐదు మిణుగురులు అటూ ఇటూ తిరిగేవి. ఆరోది ఉన్నచోటే వెలిగి ఆరేది. దానిమీదే ఎక్కువసేపు నా చూపు ఉండేది. దిద్దాల్సిన పని తప్పించుకోవడానికి అనుకోండి.

లాగిన్ కాకుండా లోపలికి వచ్చేవాళ్లకి ఆ డాక్యుమెంట్ తనంతట తనే ఏదో జంతువు పేరు తగిలిస్తుంది. ఆంటీ ఎప్పుడూ లాగిన్ కాలేదు. ఒక వారం తాబేలు, ఒక వారం నక్క, ఒక వారం పేరు కూడా తెలియని ఏదో ఆఫ్రికా మేక. కొత్త సంవత్సరం ఆరాధనలో బైబిల్ వాక్యం ఉన్న వాగ్దాన కార్డు తీసినట్టు, ఆ వారం తనకేం వచ్చిందా అని ఆవిడ ముందు అది చూసుకునేవారు. తాబేలు వచ్చిన రోజు స్థిమితంగా ఉండేవారు. ఒకసారి గబ్బిలం వచ్చింది.

“బాప్తిస్మం తీసుకున్నదాన్ని, నన్ను పట్టుకుని గబ్బిలం అంటదేంది బాబూ?”

“అది మతం చూడదు ఆంటీ. మీరు పగలు మేలుకుని రాయట్లేదని అనుంటుంది.”

నుదుటి మీద మధ్య గీత కదిలింది. అది నవ్వు. మూడు గీతలుండేవి. పై గీత కదిలితే భయం, మధ్యది నవ్వు, మూడూ కలిసి కదిలితే ఆవిడ రాయబోతున్నారన్నమాట. అది అరుదు.

*

ముందు ఆవిడ టైపు చేసేవారు కాదు. కేర్ హోమ్‌లో అయిపోయిన డ్యూటీ రోటా కాగితాలు తెచ్చుకుని వాటి వెనక పెన్సిల్‌తో రాసేవారు. రాసి, కాగితాన్ని కెమెరాకి మరీ దగ్గరగా పెట్టేవారు. మాకు తెల్లటి మంచు కనపడేది. కొంచెం దూరం ఆంటీ అంటే కాగితం తిరగబడేది. ఆ విధంగా నార్తాంప్టన్‌లోని ఆ కేర్ హోమ్‌లో ఏ వారం ఎవరికి సెలవో మా క్లాసులో అందరికీ కంఠతా వచ్చింది. ఆవిడ రాసింది మాత్రం ఒక్క వాక్యం కూడా చదవలేకపోయాం.

ఎందుకంత భయమని చెల్లె ఒకసారి మొహం మీదే అడిగేసింది. ఆంటీ చెప్పుకొచ్చారు. శిక్షణలో ఉండగా వార్డులో రిపోర్టు పుస్తకం ఉండేదట. సిరాతోనే రాయాలి. తప్పు పడితే దిద్దకూడదు, గీకకూడదు. ఒకే ఒక్క అడ్డగీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి, కింద ఏముందో కనపడేలాగా. మొదటి సంవత్సరంలో ఈవిడ తొమ్మిదో మంచం జ్వరాన్ని ఆరో మంచం మీద రాశారు. ఎవరికీ ఏమీ కాలేదు. మేట్రన్ అమ్మగారు గీత కొట్టించి, సంతకం పెట్టించి, మర్నాడు పొద్దున ప్రార్థన అయ్యాక ఆ పేజీని అందరి ముందూ ఈవిడ చేతే చదివించారు.

“చేసింది రాయాలి, రాసింది చెయ్యాలి అనేవారు మా మేట్రనమ్మగారు. ఆ గీత ఇప్పటికీ ఉంటది బాబూ, ఆసుపత్రి బీరువాలో.”

“ఆ పుస్తకాన్ని చెదలు ఎప్పుడో తినేసి ఉంటాయి ఆంటీ.”

“చెదలు కూడా చదివే తింటయ్యి,” అన్నారు.

నాకు జవాబు లేకుండా పోవడం క్లాసులో అందరికీ ఎంత ఇష్టమో అప్పుడు తెలిసింది. కుక్కర్ ఉన్న కిటికీ కూడా నవ్వింది.

నవ్వులయ్యాక ఆవిడ నెమ్మదిగా అడిగారు. “ఇందులో రాసి తుడిచేస్తే, గీత కనపడదా?”

“కనపడదు ఆంటీ. తుడిస్తే పోయినట్టే.”

“ఎవురికీ?”

“ఎవరికీ.”

“నీక్కూడా?”

“నాక్కూడా.”

ఆ వారం నుంచి ఆవిడ టైపు చేయడం మొదలుపెట్టారు. నేను చూసే కాసేపట్లో ఒక్కో అక్షరమే వచ్చేది. ఆగేది. తర్వాత వచ్చినవన్నీ ఒక్కొక్కటే వెనక్కి నడిచి వెళ్లిపోయేవి. బాపట్ల సముద్రం ఒడ్డున చిన్నపిల్లలు కెరటానికి ఎదురు వెళ్లి, అది రాగానే వెనక్కి పరిగెత్తినట్టు. నేను దిద్దడానికి ఆ పేజీలోకి వెళ్లేసరికి ఇసుక శుభ్రంగా ఉండేది. గంట పూర్తయ్యేసరికి ఐదు పేజీలు నిండేవి, ఆరోది తెల్లగా మిగిలేది. “అన్నా, ఆంటీ కర్సర్ ఇంక అక్కడ్నే ఉన్నది,” అని చెల్లె ప్రతివారం రిపోర్టు చేసేది, వాతావరణ సూచనలాగా.

పరీక్షలో రాయాల్సింది ఒక ఉత్తరం. ఎవరో రోగి గురించి నాలుగు వివరాలు ఇస్తారు. ఆ రోగిని ఇకముందు చూసుకోబోయే నర్సుకో డాక్టరుకో అతని సంగతి రాయాలి. ఒక వారం డెబ్బై ఎనిమిదేళ్ల పెద్దాయన, బాత్రూంలో జారిపడ్డాడు. అందరూ రాస్తున్నారు. ఆంటీ మైక్ తెరిచారు.

“ఈయనకి కూతురుందా బాబూ?”

“ఇచ్చిన వివరాల్లో లేదు ఆంటీ.”

“మరి పడ్డప్పుడు ఎవురు లేపారు?”

“పరీక్ష పెట్టినవాళ్లు.”

మధ్య గీత కదల్లేదు. “టీలో పంచదార వేసుకుంటాడో లేదో కూడా తెలీని మనిషిని ఎవురికని అప్పజెప్పను?” అన్నారు. ఆవిడ పరీక్ష గురించి మాట్లాడడం లేదని నాకు కాసేపటికి గానీ అర్థం కాలేదు. ఆ పెద్దాయన ఆవిడకి నిజంగానే జారిపడ్డాడు. నీళ్లు కారుతున్న ఆ బాత్రూంలో ఆయన ఇంకా అలాగే ఉన్నాడు. మిగతా ఐదుగురూ ఆయన మీద పేరాలు కట్టి ముందుకు పోయారు.

డ్యూటీ దిగేటప్పుడు తర్వాత వచ్చే సిస్టర్‌కి ఏం చెబుతారో అదే చెప్పమన్నాను. చెప్పారు. రెండు నిమిషాల్లో, సగం తెలుగు సగం ఇంగ్లిష్, ఒక్క ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. అలారం ఒక్కటే మెచ్చుకుంటున్నట్టు కూసింది. ఇదే రాయండి ఆంటీ అన్నాను.

“చెప్పింది గాల్లో పోద్ది బాబూ. రాసింది ఉంటది.”

*

మార్చిలో అనుకుంటాను, ఒక ఆదివారం క్లాసు మొదలై పావుగంట అయింది. ఏదో తేడాగా ఉంది. ఏమిటో తెలియడం లేదు. చెల్లె రాయడం ఆపేసింది. కుక్కర్ ఉన్న కిటికీలో ఆవిడ చెవిలోని ఇయర్‌ఫోన్లు తీసి చూసుకుంది. నా సౌండ్ పోయిందేమోనని నేను సెట్టింగులు వెతుకుతున్నాను. అప్పుడు నుదురు కొంచెం కిందికి వచ్చి, కళ్లు కనపడ్డాయి.

“రాశా,” అన్నారు ఆంటీ.

ఎవరికీ అర్థం కాలేదు.

“ఏజెంటుకి. మెయిలు. రెండు లైన్లే. నిన్న మనిషొచ్చి బ్యాటరీ ఏసి వెళ్లాడు.”

కూత లేని ఆ నిమిషం ఎంత పెద్దగా ఉందంటే, ఆవిడ వెనక గోడ మీద గడియారం నడవడం మాకు మొట్టమొదటిసారి వినిపించింది. సీలింగు మీద అలారం చిన్న ఆకుపచ్చ దీపంతో, నిద్రపోతున్న పిల్లలాగా ఉంది. నాకు ఏదో అయింది. అది పైకి రాకముందే, ఇక ఏ చిలకని సాకుతారు ఆంటీ అని అడిగి, ఆ నిమిషాన్ని చెడగొట్టాను.

ఆవిడ నవ్వలేదు. నా వైపు చూస్తూ ఉండిపోయారు, ఊపిరి లెక్కపెడుతున్నట్టు. “ఏం తిన్నావు మధ్యాహ్నం?” అని అడిగారు. క్లాసులో ఇవన్నీ ఎందుకు ఆంటీ, రాయండి అన్నాను. ఆరో మిణుగురు తన చోట వెలుగుతూ ఆరుతూ ఉంది.

మెయిల్ రాశారు కాబట్టి ఉత్తరం కూడా వచ్చేస్తుందని నేను లెక్కవేసుకున్నాను. రాలేదు. వేసవి గడిచింది. అక్క ఆస్ట్రేలియాలో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది. పరీక్షకి ముందు ఆదివారం కూడా గంట చివర ఆరో పేజీ తెల్లగానే ఉంది. ఆ గంటంతా మూడు గీతలూ కలిసి కదులుతూనే ఉన్నాయి గానీ, నేను మిగతా ఐదు పేజీలూ దిద్ది వెళ్లేసరికి ఇసుక శుభ్రం.

*

ఆవిడకి దొరికిన పరీక్ష సెంటర్ క్రోయిడన్‌లో. అక్టోబరు పొద్దున, ఈస్ట్ క్రోయిడన్ స్టేషన్ మెట్ల దగ్గర నిలబడ్డాను. మంచు నేలకి ఎంతగా అంటుకుని ఉందంటే జనం నడుముల పైనుంచే కనపడుతున్నారు. ఇంతమందిలో ఎలా గుర్తుపట్టాలా అనుకున్నాను. నుదురు ముందు వచ్చింది. దాని కింద ఒక మొహం ఉంది, మొహం కింద చలికోటు, చేతిలో సంచి. ఏడాదిగా సీలింగుకి వేలాడుతున్న మనిషి నేల మీద నడిచి వస్తుంటే ఎక్కడో చూసిన కల మళ్లీ వస్తున్నట్టు ఉంది. నాకన్నా జానెడు పొట్టి.

“సన్నగున్నావు,” అన్నారు ముందుగా. తర్వాత సంచిలోంచి గుడ్డ చుట్టిన సీసా ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. చికెన్ పచ్చడి.

“ఇప్పుడు ఇదెందుకు ఆంటీ, పరీక్ష పెట్టుకుని?”

“రాసుకున్నా కదా. చెయ్యకపోతే ఎట్టా?”

పరీక్ష కంగారులో ఏదో అంటున్నారనుకున్నాను. ట్రామ్ ఎక్కాం. మంచులో అది చప్పుడు లేకుండా పోతోంది. కిటికీలోంచి షాపులు ఒక్కొక్కటే తేలి వచ్చి, మాకేసి చూసి, వెనక్కి మునిగిపోతున్నాయి. ఆవిడ ఒడిలో నాలుగు పెన్సిళ్లు. వాటిని సంచిలోంచి తీసిన సగం బ్లేడుతో, తొక్కు ఒక్కటి కూడా కింద పడకుండా రుమాలులోకి చెక్కుతున్నారు. ఎదురు సీట్లో పెద్దాయన పేపరు దించి చూశాడు. లండన్ ట్రామ్‌లో బ్లేడు బయటికి తీయకూడదని ఆవిడకి చెప్పాలో, ఇంత శ్రద్ధగా పెన్సిల్ చెక్కే మనిషిని ఇంకెప్పుడూ చూడవు, చూసుకో అని ఆయనకి చెప్పాలో తేల్చుకునేలోపు మా స్టాప్ వచ్చింది.

సెంటర్ గుమ్మం దగ్గర, బ్లేడు లోపలికి తీసుకెళ్లనివ్వరేమో అని ఆవిడకే తట్టింది. నా అరచేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయారు. ఆ పూటంతా నేను ఒక జేబులో బ్లేడు, ఒక చేతిలో పచ్చడి సీసాతో క్రోయిడన్‌లో తిరిగాను. పోలీసులు ఆపితే ఏ వాక్యంతో మొదలుపెట్టాలో మనసులో రాసుకున్నాను, కొట్టేసుకున్నాను. మంచి వాక్యం దొరకలేదు.

బయటికి వచ్చాక ఎలా రాశారని అడిగాను.

“రాశా.”

“బాగా రాశారా?”

“రాశా బాబూ. తుడవడానికి టైం లేదు.”

నుదురు చూశాను. గీతలు మూడూ కదలకుండా ఉన్నాయి. ఇలాంటిది నేను నేర్చుకోలేదు. రైలు తలుపు మూసుకునే ముందు చెయ్యెత్తారు, దీవించడానికో ఊపడానికో తెలియకుండా. మంచులోకి ముందు ఆ చెయ్యి పోయింది, ఆ తర్వాత రైలు.

ఫలితాలు వచ్చే వారం వచ్చింది, పోయింది. ఆంటీ నుంచి మాట లేదు. అంటే పోయిందన్నమాట. ‘ఏమైంది ఆంటీ’ అని ఫోన్‌లో టైపు చేశాను. అది చదవగానే ఆవిడ ఎలా ఉంటారో కనపడి తుడిచేశాను. ఒక జోకు రాశాను, అది ఇంకా ఘోరంగా ఉంది. అక్కని అడిగితే, నీ స్టూడెంటు, నువ్వే అడుగు అంది. మెల్లగా క్లాసు ఆగిపోయింది. చెల్లె పాసై కోవెంట్రీ వెళ్లింది. ఎక్కువగా ఎదురుచూసిన ఆ ఒక్క మనిషే నా వల్ల మళ్లీ నర్సు కాలేకపోయిందని ఏడాదిన్నర పాటు ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నన్నెవరూ అడగలేదు కూడా.

*

స్టోరేజ్ మెయిల్ సంగతికి వస్తాను. తీసేసే ముందు ఆ డాక్యుమెంట్ మూలన చిన్న గడియారం బొమ్మ కనపడింది. ఎప్పుడూ నొక్కలేదు. నొక్కితే ఆ ఫైలు పాత రూపాలన్నీ వరుసగా వచ్చాయి. ఎప్పుడు ఏం రాశారో, ఏం తుడిచారో, తుడిచిందంతా రంగు పూసి, మధ్యలో ఒక అడ్డగీతతో. కింద ఏముందో కనపడేలాగా.

ఇతరుల తప్పులు పట్టుకోవడమే నా ఉద్యోగం. తుడిస్తే పోయినట్టే అని ఆవిడకి చెప్పింది నేనే.

చదవకూడదు. నాలుగు నిమిషాలు చదవకుండా కూర్చున్నాను. నాకు అది రికార్డు.

ఆరో పేజీ ఖాళీ కాదు. అంత నిండిన పేజీ ఆ ఫైల్లో ఇంకోటి లేదు. ఏజెంటుకి రాసిన రెండు లైన్ల మెయిల్ పదకొండు రకాలుగా ఉంది. ఒకదాంట్లో ‘మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నందుకు’ అని మూడుసార్లు ఉంది. బాత్రూంలో పడిన పెద్దాయనకి ఆవిడ ఒక కూతుర్ని ఇచ్చారు, లీడ్స్‌లో ఉంటుంది, ప్రతి గురువారం ఫోన్ చేస్తుంది. టీలో రెండు చెంచాల పంచదార. పడినప్పుడు లేపింది పక్కింటావిడ. ఇవన్నీ ఇచ్చి, పరీక్షకి ఇవి అక్కర్లేదని తెలిసి, ఒక్కొక్కటే ఆయన దగ్గర్నుంచి వెనక్కి తీసుకున్నారు. ఆఖరికి పేరు కూడా.

చివరిది, పరీక్ష ముందు ఆదివారం రాసింది. పూర్తి ఉత్తరం. ఆవిడ ఇంగ్లిష్‌లో రాశారు, నేను తెలుగులో చెబుతున్నాను.

‘డియర్ సిస్టర్, ఈ యువకుణ్ణి మీ సంరక్షణకి అప్పగిస్తున్నాను. వయసు ఇరవై ఏడు ఉండవచ్చు. ఒంటరిగా నివాసం. ఏడాదిగా నా పరిశీలనలో ఉన్నాడు. ఆహారం సరిగ్గా తీసుకోవడం లేదు. నూడుల్స్ గిన్నెను కెమెరాకి కనపడకుండా పెడతాడు, ఆవిరి కనపడుతుంది. అలసిపోయినప్పుడు జోకులు ఎక్కువవుతాయి. ఎవరైనా సంతోషించినప్పుడు కూడా వెంటనే జోకు వేస్తాడు. నొప్పి ఎక్కడో చెప్పడు, అడిగితే మాట మారుస్తాడు. దయచేసి నవ్వి ఊరుకోవద్దు. చేయవలసినవి: పచ్చడి ఇవ్వాలి. తిన్నాడా అని అడుగుతూ ఉండాలి.’

కింద సంతకం, హోదా దగ్గర ‘స్టాఫ్ నర్స్’. అంతా తుడిచేశారు.

తప్పుల కోసం వెతికాను. అలవాటు కొద్దీ, రెండుసార్లు. ఒక్కటీ దొరకలేదు. టీ సంగతి తెలియని మనిషి గురించి రాయలేనన్న ఆవిడ, రాయడానికి తెలిసిన మనిషి ఒకణ్ణి వెతుక్కున్నారు. ఆ మనిషి గంటంతా ఆవిడ పేజీ నిండడం లేదని దిగులుపడుతూ, గిన్నె పక్కకి జరుపుకుంటున్నాడు.

ఫోన్ తీశాను. ఆంటీ పేరు అట్టడుగున ఉంది. ‘ఆంటీ, ఎలా ఉన్నారు’ అని కొట్టాను. తుడిచాను. ‘మీ ఉత్తరం’ అని కొట్టాను. తుడిచాను. జోకు ఒకటి వచ్చింది, దాన్ని కూడా. బయట ఆదివారం సాయంత్రం, నాలుగింటి నీలం కిటికీకి అంటుకుని ఉంది. అక్షరాలు వస్తున్నాయి, వెనక్కి నడుస్తున్నాయి. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. ఫోన్ మోగింది. మెసేజ్.

‘ఏంది బాబూ, అరగంట నుంచి టైపింగ్ టైపింగ్ అని చూపిస్తంది. ఏళ్లు నెప్పి పుట్టట్లా?’

ఇక తుడవడానికి చోటు లేదు. పరీక్ష ఏమైంది ఆంటీ అని పంపేశాను.

ఇప్పుడు అటువైపు టైపింగ్. వెలిగింది, ఆగింది, మళ్లీ వెలిగింది. నాకు అలవాటైన కర్సరే. తొందరపడలేదు. వచ్చింది.

‘అప్పుడే పాసయ్యాను. నువ్వు సారువి కదా, నీకు మంచిగా రాద్దామని మొదలుపెట్టా. బాగోలేదని తుడిచేశా. మళ్లీ రాశా. తుడిచేశా. అట్టా ఏడాదిన్నర అయిపోయింది.’

వెనకే ఇంకోటి.

‘ఇప్పుడు హాస్పిటల్లో చేస్తన్నా. స్టాఫ్ నర్స్ అని బ్యాడ్జి ఇచ్చారు. ఇక్కడ అందరూ పేరు పెట్టే పిలుస్తారు, నాలుగో మంచం ముసలాయన ఒక్కడు మాత్రం సిస్టర్ అంటాడు. రెండు చెంచాల పంచదార ఆయనకి.’

తుడిచింది కనపడుతుందని, నేను చదివానని ఆవిడకి చెప్పాలి. అది ఎదురుగా చెప్పాల్సిన సంగతి. సగం బ్లేడు కూడా ఇంకా నా సొరుగులోనే ఉంది, తిరిగి ఇవ్వాలి. స్టోరేజ్ కోసం ఆ ఫైలు బదులు ఆఫీసు వాళ్ల ట్రైనింగ్ వీడియోలు పద్నాలుగు తీసేశాను. ఎవరికీ నష్టం లేదు.

మళ్లీ మోగింది.

‘బ్రేక్ అయిపోయింది. నోట్స్ రాయాలి. తిన్నావా?’

‘తిన్నాను ఆంటీ’ అని కొట్టాను. తుడిచేశాను. ‘లేదు’ అని రాసి, పంపేశాను.